నలుగురు పిల్లలతో ఏ ఊరికి?

మా నలుగురు పిల్లలకీ చదువు ఇంట్లోనే. హైదరాబాద్ వదిలి వెళ్దామనుకున్నాక ఊరి కోసం వెతుకులాట మొదలైంది. బడి దగ్గరుండాలన్న బెంగ మాకు లేదు. పరీక్షలంటారా, 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయొచ్చు. కావాల్సిందల్లా పిల్లలు కాలినడకన వెళ్లి ఏదో ఒకటి నేర్చుకుని వచ్చే ఊరు.

అందుకే మనసు విజయనగరం మీదికి పోతోంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల అక్కడుంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. వయొలిన్ వదలని మా రెండోదానికి అంతకంటే ఏం కావాలి! బస్సెక్కితే బొబ్బిలి. పనస దుంగను తొలిచి వీణ చేస్తుంటే పిల్లలు పక్కన కూర్చుని చూడాలి, ఆ చెక్కపొట్టు చేతులకి అంటాలి. చెట్టు, కొలతలు, శ్రుతి... పుస్తకాల్లో విడివిడిగా ఉండే పాఠాలన్నీ అక్కడ ఒక్కచోటే.

ఇల్లు దొరకడమే కష్టంగా ఉంది. నలుగురు పిల్లలు, పైగా పగలంతా ఇంట్లోనే ఉంటారనగానే ఓనర్ల గొంతు మారిపోతోంది. చాలా బాధేస్తోంది. పిల్లల సందడికి విసుక్కోని ఇల్లుగలవాళ్లు, కాస్త పెరడు, విజయనగరం గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరం, ఇంతే మాకు కావాల్సింది. అక్కడివాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పరూ?