ఫ్లైఓవర్ మీద పీజేఆర్!

ఔటర్ రింగ్ రోడ్డు దిగి కొండాపూర్ వెళ్లే ఐటీ ఉద్యోగి ఇప్పుడు గచ్చిబౌలి కూడలిలో సిగ్నల్ కోసం ఆగక్కర్లేదు. ఆరు వరుసల ఫ్లైఓవర్ ఎక్కితే చాలు. దాన్ని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2025 జూన్ 28న ప్రారంభించి, పి.జనార్దన్‌రెడ్డి పేరు పెట్టారు. వెనక సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగుతో కూర్చున్న కుర్రాడు 'ఎవరాయన?' అనుకోవచ్చు. క్యాబ్ నడిపే మనిషి ఏ బోరబండ వాడో, ఏ యూసుఫ్‌గూడ వాడో అయితే మాత్రం ఆ ప్రశ్నే రాదు. అతనికి ఆయన జనార్దన్‌రెడ్డి కాదు.. పీజేఆర్!

అద్దాల మేడల మధ్య ఆ పేరు కొత్తగా వినిపిస్తుంది గానీ, నిజానికి ఆ నేల ఆయనకు పాతదే. 2009కి ముందు ఖైరతాబాద్ అసెంబ్లీ నియోజకవర్గమంటే ఒక చిన్నపాటి జిల్లా. ఖైరతాబాద్ బస్తీలతో మొదలై బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మీదుగా కూకట్‌పల్లి, మాదాపూర్, చందానగర్ దాకా సాగేది. ఒకే ఎమ్మెల్యే కింద బంగళాలు, గుడిసెలు, కార్మికవాడలు, రాళ్లగుట్టలు అన్నీ ఉండేవి. పునర్విభజనలో దాన్ని విడగొడితే ఖైరతాబాద్‌తో పాటు జూబ్లీహిల్స్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వేర్వేరు నియోజకవర్గాలయ్యాయి. ఒక్కోటీ ఒక ఎమ్మెల్యేకు తలకుమించిన పనే.

అంత పెద్ద సీటులో పీజేఆర్ గెలిచింది ఒకటీ రెండుసార్లు కాదు. 1978, 1985, 1989, 1994, 2004.. మొత్తం అయిదుసార్లు! వీటిలో 1985, 1994 సంగతి ప్రత్యేకం. రెండుసార్లూ రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. 1994లోనైతే 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 26. ఆ కొద్దిమందికి శాసనసభలో నాయకుడు పీజేఆరే. ఆయన బలమంతా బస్తీల్లో ఉంది. నల్లా నీళ్లు, ఇంటి పట్టా, కార్మికుడి జీతం.. వీటి చుట్టూ తిరిగిన రాజకీయం అది. బస్తీల్ని ఓటు బ్యాంకుగా చూశారన్న విమర్శ కూడా ఆయనకు తప్పలేదు. కానీ పట్టా చేతికొచ్చిన కుటుంబాన్ని అడిగితే, వాళ్ల లెక్క వేరు.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. చంద్రబాబు పేరు దేశమంతా మోగింది. ఆ నేల మాత్రం ప్రతిపక్షంలో ఉన్న పీజేఆర్ నియోజకవర్గంలోనిది! మరుసటి ఏడాదే ఎన్నికలు. తెలుగుదేశం నిలబెట్టిన అభ్యర్థి సీబీఐ మాజీ డైరెక్టర్ కె.విజయరామారావు. పీజేఆర్ ఓడిపోయారు. హైటెక్ సిటీయే ఓడించిందనలేం గానీ, ఆ ఓటమి నాటికే నగరం మరో దారి పట్టిందన్నది నిజం.

2004లో బస్తీలు ఆయన్ని మళ్లీ గెలిపించాయి. అధికారమూ వచ్చింది. మంత్రి పదవి మాత్రం రాలేదు. అంతకుముందు 1989-94 మధ్య మంత్రిగా చేసిన సీనియర్‌కు అది చిన్న దెబ్బేం కాదు. అయినా నోరు మూసుకోలేదు. పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు పెంచే పనిని వై.ఎస్. ప్రభుత్వం తలపెట్టినప్పుడు సొంత పార్టీ అని చూడకుండా ఎదురు నిలిచారు. 2007 డిసెంబర్ 28న గుండెపోటు వచ్చింది. అరవై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు.

అసలు కథ ఆ తర్వాతే మలుపులు తిరిగింది. 2008 ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్‌రెడ్డి ఖైరతాబాద్‌లో గెలిచారు. 2009లో కొత్తగా ఏర్పడ్డ జూబ్లీహిల్స్ నుంచీ గెలిచారు. ఆపై 2014లో, 2018లో మాగంటి గోపీనాథ్ చేతిలో ఓడారు. కూతురు విజయారెడ్డి 2014లో ఖైరతాబాద్ నుంచి పోటీచేసింది వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున! తండ్రికి, వై.ఎస్.కు మధ్య ఉన్న దూరం తెలిసినవారు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఆమె టీఆర్ఎస్ కార్పొరేటర్‌గా రెండుసార్లు గెలిచి, 2022లో కాంగ్రెస్‌లోకి వచ్చారు.

ఇక 2023 ఎన్నికలు. ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి విజయారెడ్డి. ఎదురుగా బీఆర్ఎస్ నుంచి దానం నాగేందర్. ఒకప్పుడు పీజేఆర్ వెంట తిరిగి నాయకుడైన మనిషి. పక్కనే జూబ్లీహిల్స్‌లో కాంగ్రెస్ టికెట్ అజహరుద్దీన్‌కు వెళ్లడంతో అలిగిన విష్ణు బీఆర్ఎస్‌లో చేరారు. అంటే తోబుట్టువును ఓడించడానికి బరిలో ఉన్న పార్టీలోనే! విజయారెడ్డి ఓడిపోయారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 మార్చిలో, గెలిచిన దానం వచ్చి కాంగ్రెస్‌లో చేరారు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరు ఎవరిని ఓదార్చారో మరి!

గోపీనాథ్ మరణంతో 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్‌కు ఉప ఎన్నిక వచ్చింది. ప్రచార సభల్లో పీజేఆర్ పేరు బాగానే వినిపించింది. 2008లో ఆయన మీద గౌరవంతో తెలుగుదేశం పోటీ పెట్టలేదన్న పాత సంగతినీ తవ్వి తీశారు. కానీ పెద్ద పార్టీల టికెట్లలో ఒక్కటీ ఆయన పిల్లలకు దక్కలేదు. కాంగ్రెస్ నుంచి నవీన్ యాదవ్ గెలిచారు.

చందానగర్‌లో పీజేఆర్ పేరుతో ఒక స్టేడియం ఉంది. కొండాపూర్ దారిలో ఇప్పుడు ఫ్లైఓవర్. ఒకప్పుడు ఈ రెండు చోట్లా ఆయనకు ఓటేసిన ఊళ్లే. ఇప్పుడు ఆ ఫ్లైఓవర్ కింది రోడ్డు మీద, షిఫ్టు ముగిసే వేళకు, బస్తీకి వెళ్లే షేర్ ఆటోల కోసం హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఎదురుచూస్తుంటారు.