అనంతగిరి ఘాటులో మా ఇంటిబండి

హైదరాబాదునకు పడమట సుమారు 75 కిలోమీటర్ల దూరమున వికారాబాదు పట్టణము కలదు. నిజాము రాజ్యమున ప్రధానమంత్రిగా నుండిన వికారుల్ ఉమ్రా పేర వెలసిన ఈ యూరు 2016వ సంవత్సరమున జిల్లాకు ముఖ్యపట్టణమైనది. దాని చెంతనే అనంతగిరి కొండలు. కొండమీద అనంతపద్మనాభస్వామి కోవెల. మూసీనది పుట్టినది ఈ కొండలలోనే. తూర్పునకు జారిన నీరు మూసీయై హైదరాబాదు మీదుగా పారును. పడమటికి జారిన నీరు తాండూరు ప్రక్కగా పోవు కాగ్నానదిని చేరి, భీమానదిలో కలియును. తుదకు రెండును కృష్ణమ్మ యొడికే చేరును.

సికింద్రాబాదు నుండి వాడీకి 1874లో ఏర్పడిన రైలుదారి వికారాబాదు, తాండూరు పట్టణముల మీదుగానే పోవును. అయినను మేము రైలునెక్కక మా బండిలోనే బయలుదేరితిమి. దానికి కారణము మా అత్తగారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. గంటకంటె నెక్కువ కూర్చుండలేరు. రైలు మెట్లెక్కుట ఆమెవలన గాదు. అందుచే మా వారు ఒక పాత పెట్రోలు వ్యానును కొని, వెనుక సీట్లు తీయించి, ఒక పరుపుబల్ల, నీళ్లతొట్టి, గ్యాసుపొయ్యి, చిన్న బీరువా అమర్పించిరి. దీనినే ఇప్పుడు కారవాను అనుచున్నారు. మా పిల్లలు మాత్రము ‘ఇంటిబండి’ యని పేరు పెట్టిరి. ఈ బండి నమ్మదగినదిగా నున్నంతకాలమే అత్తగారికి ప్రయాణము. అది నమ్మరానిదైనచో ఆమెకు వీధిగుమ్మమే పొలిమేర.

శ్రావణమాసపు తెల్లవారుజామున బయలుదేరి, చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల నీడను దాటి, వికారాబాదు చేరువరకు బండి చక్కగా నడచెను. అనంతగిరి ఘాటు మొదలయినంతనే చిత్రమయ్యెను. మంచు దట్టముగా నుండెను. ఎక్కుడు ముదిరినకొలది బండి వెనుకనుండి ఎవరో త్రోసినట్లును, ముందునుండి ఎవరో పట్టి యాపినట్లును కుదుపసాగెను. ఇంజను చప్పుడులో తాళము తప్పెను. వెనుక నొక బస్సు హారను మ్రోగించుచుండెను. మా వారు బండిని దారిప్రక్కకు తీసి యాపిరి. కొంతసేపటికి నడుపగా, ఏమియు జరుగనట్లే కొండ యెక్కెను. స్వామి దర్శనము చేసికొని దిగునప్పుడును ఏ బాధయు లేకుండెను.

మెకానిక్కులు దీనిని ‘మిస్సు కొట్టుట’ యందురు. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరునందును గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి, ఆ మిశ్రమము ప్లగ్గు నుండి పుట్టు నిప్పురవ్వచే మండును. మా బండికి సిలిండర్లు మూడు. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనునకు 25 సార్లు రవ్వ పడవలెను. వానిలో కొన్ని తప్పినను బండి కుదుపును. ముగ్గురు కలిసి దంపుచున్నప్పుడు ఒకరి రోకలి తడబడినచో మిగిలిన ఇద్దరి లయయు చెడును గదా!

వికారాబాదులో నొక మెకానిక్కు చూచి, ప్లగ్గులు పాతబడినవని క్రొత్తవి వేసెను. ఆ మధ్యాహ్నమంతయు బండి చక్కగా నడచెను. మరునాటి యుదయము చినుకులలో కొండదారి నెక్కగా మరల అదే కుదుపు. ఈసారి అతడు పెట్రోలు పంపు మార్చవలెననెను. అది వేలరూపాయల పని. మార్చినతరువాత నయమగునని మాత్రము అతడు గట్టిగా చెప్పలేకపోయెను. బండి నమ్మి యింటికి మరలుదమా, లేక తాండూరులోని ఆడపడుచు ఇంటికి పోవుదమా యని మేము తర్జనభర్జన పడుచుంటిమి.

అత్తగారు పరుపుబల్లమీదనుండియే, “ఇది విడిచి విడిచి వచ్చు చలిజ్వరము వలె నున్నదే! ఏ పూట వచ్చుచున్నదో వ్రాసి చూడరాదా?” యనిరి. అనంతగిరిమీద క్షయరోగుల ఆసుపత్రి చిరకాలముగా పేరొందినది. అట్టి చోట్ల రోగి మంచమువద్ద పూటపూటకు జ్వరమెంతయో గుర్తించు కాగితము వ్రేలాడుచుండెడిది. వైద్యుడు వచ్చినప్పుడు జ్వరము లేకున్నను ఆ కాగితమే రోగము గుట్టు చెప్పెడిది. మా వద్ద చాకలిపద్దు పుస్తకముండెను. దానిలోనే వ్రాయ నారంభించితిమి.

అనంతగిరి నుండి ధారూరు మీదుగా తాండూరునకు సుమారు 40 కిలోమీటర్లు. ఇరుప్రక్కల లేత కంది చేలు. తాండూరు కందిపప్పు రుచి మనకు తెలిసినదే. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ దారి పొడుగున మేము వ్రాసికొన్నది ఇది: ఎక్కుడులో మిస్సు కలదు, సమతలమున లేదు. తడిగా నున్నప్పుడు కలదు, ఎండ కాసినతరువాత అదే విధమైన ఎక్కుడులోను లేదు. బండి నిలిపియున్నప్పుడు లేదు. తొట్టిలో పెట్రోలు నిండుగా నున్నను, సగమున్నను భేదము లేదు. వచ్చినప్పుడు చటుక్కున వచ్చును, చటుక్కున పోవును.

తాండూరు చేరునప్పటికి ఊరి పొలిమేరలనుండియే నాపరాళ్ల దొంతరలు కనబడసాగినవి. నీలిరంగు, పసుపురంగు పలకలను గనులనుండి తీసి, కోసి, నునుపుచేసి దూరదేశములకు పంపుదురు. మన వంటయిండ్లలో, వసారాలలో పరచిన చల్లని బండలలో నెన్నియో ఈ యూరివే. కర్ణాటక సరిహద్దు దగ్గర యగుటచే బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును కలిసి వినబడును. ఆడపడుచు భర్త మమ్మొక వృద్ధ మేస్త్రీ షెడ్డునకు తీసికొనిపోయిరి.

ఆ పెద్దాయన బండిని తాకకముందే, “ఎప్పుడెప్పుడు కొడుతదమ్మా?” అని యడిగెను. మేము పద్దుపుస్తకము చదివి వినిపించితిమి. ఆయన తలయూచి, “పెట్రోలు అందకుంటె బండి మెల్లగ డీలా పడుతది, గిట్ల చటుక్కున గుంజది. ఎండకు తగ్గుతుందంటె కరెంటు దోవ తప్పుతున్నదమ్మా. చీకటి పడనియ్యుండ్రి,” అనెను.

చీకటి పడెను. గ్యాసుసిలిండరు మూయించి, దానిని క్రిందికి దింపించి, ఎచ్చటను పెట్రోలు కారుట లేదని చూచుకొని, ముందుసీటు నెత్తెను. మా బండికి ఇంజను ఆ సీటు క్రిందనే యుండును. ఇంజను నడుచుచుండగా, ఇస్త్రీ చేయువారు వాడు నీళ్లసీసాతో ప్లగ్గుతీగల చుట్టును సన్నని తుంపర కొట్టెను. వెంటనే ఇంజను తడబడెను. నడిమితీగ మీదనుండి ప్రక్కనున్న ఇనుపపట్టీకి నీలపు మెరుపు టపటప దుమికెను. పిల్లలు కేక వేసిరి. సిలిండర్లలో నొక్కొక్కదానిని క్షణకాలము ఆపి చూచెను. మొదటిదానిని, మూడవదానిని ఆపినప్పుడు ఇంజను ఇంకను కృంగెను. రెండవదానిని ఆపినను మార్పు లేదు. అనగా అప్పటికే పనిచేయనిది అదియే. అంతటితో తృప్తిపడక, రెండవ తీగను మూడవదానికిని, మూడవదానిని రెండవదానికిని మార్చి మరల తుంపర కొట్టెను. ఈసారి తడబడినది మూడవ సిలిండరు. దోషము తీగతోపాటు నడచిపోయినది. ఇక సందేహమేమి?

ఇనుపపట్టీ యెచ్చటిదని చూడగా, బీరువాను బిగించుటకు వడ్రంగి వేసినది. ఇంజను బరువు లాగునప్పుడు కొంచెము ఒరుగును. ఒరిగినప్పుడెల్ల తీగ ఆ పట్టీ యంచునకు రాచుకొని, పైనున్న తొడుగు అరిగిపోయెను. మన యింటి కరెంటు 230 వోల్టులు. ప్లగ్గుతీగలోనిది పదివేల వోల్టులకు మించును. ఎక్కుడులో సిలిండరులోని ఒత్తిడి పెరుగును. అప్పుడు ప్లగ్గు కొసలనడుమ మిల్లీమీటరంత సందును దుముకుటకు కరెంటునకు మరింత బలము కావలెను. తొడుగులో చిల్లును, పైన తడియు నుండగా అది సులువైన దారినే పోవును. ఎండకు తడి యారినంతనే మరల తన దారికి వచ్చును. పద్దుపుస్తకములోని ప్రతి పంక్తికిని అర్థము తెలిసెను. క్రొత్త తీగల జత వేసి, పట్టీ యంచునకు రబ్బరు తొడిగి, తీగ దానికి తగులకుండ క్లిప్పుతో కట్టెను. అయిన వ్యయము పంపు వెలలో చిన్న భాగము.

ఇట్టి పని మగవారి సొత్తని తలచువారు కలరు. మోటారుబండి పుట్టిన తొలినాళ్లలోనే, 1888వ సంవత్సరము ఆగష్టులో, జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను గృహిణి తన ఇద్దరు కొడుకులతో, భర్త నిర్మించిన మూడుచక్రముల బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసినది. పెట్రోలుగొట్టము పూడగా టోపీసూదితో పొడిచి తెరచినదనియు, రవ్వతీగ తొడుగు అరుగగా తన మేజోటి పట్టీని చుట్టి కాపాడినదనియు చెప్పుదురు. మా బండికి కలిగిన వ్యాధియు ఇదియే గదా యని తలచి మేము నవ్వుకొంటిమి.

సోదరీమణులారా! బండి మిస్సు కొట్టినచో తొందరపడి సామానులు మార్పింపకుడు. చలిగానా వేడిగానా, తడిలోనా పొడిలోనా, ఎక్కుడులోనా దిగుడులోనా యని వ్రాసికొనుడు. ఒక్కసారికి ఒక్కటే మార్చి ఫలితము చూడుడు. రెండు మార్చినచో నయమైనది దేనివలననో తెలియదు. క్రొత్తబండ్లలో ఇంజను దీపము మినుకుమినుకుమని యారుచు వెలుగుచున్నచో, వేగము తగ్గించి భద్రమైన చోట ఆపుడు. మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమున మండి దానిని కాల్చివేయగలదు. ఎండుగడ్డిమీద ఆపిన బండిక్రింద నిప్పు రాజుకొనవచ్చును. ఇంజను నడుచుచుండగా ప్లగ్గుతీగలను మాత్రము చేతితో ముట్టకుడు. బండిలో పొయ్యి యున్నవారు కదలకముందే గ్యాసు మూయుడు.

తాండూరు నుండి మరలునప్పుడు జోరున వాన. ఘాటు అదియే, తడి యదియే. బండి మాత్రము ఒక్కసారియు తడబడలేదు. అత్తగారు వచ్చే కార్తికమాసమున మరల స్వామి దర్శనమునకు రావలెనని అప్పుడే దినములు లెక్కించుచుండిరి.