అశ్లీలము మూడు విధములు

కావ్యదోషములను వివరించుచు మమ్మటుడు అశ్లీలమును మూడు విధములుగా చెప్పెను: సిగ్గు పుట్టించునది, ఏవగింపు పుట్టించునది, అమంగళమును తోపించునది. చదువుకొను దినములలో మొదటి రెండును నాకు సులభముగనే బోధపడినవి. చావును తలపించు మాట బూతుమాట ప్రక్కన ఏల కూర్చున్నదో మాత్రము తెలియలేదు. కొరియా దేశపు చలనచిత్రమొకటి చూచి, దాని మూలకథను చదివిన పిమ్మట ఆ మూడవదానిని గూర్చి ఆలోచింపవలసి వచ్చినది.

ఆ చిత్రము "బ్యన్ గాంగ్‌స్వే". 1986లో ఒమ్ జోంగ్‌సన్ దర్శకత్వమున దక్షిణ కొరియాలో వెలువడినది. లీ దేగున్ నాయకుడు, వన్ మీక్యంగ్ నాయిక. అది చున్ దూహ్వాన్ సైనిక ప్రభుత్వ కాలము. రాజకీయ విమర్శ కనబడినచో పదునెక్కు కత్తెర శృంగారము నెదుట మొద్దుబారుచుండెను. చిత్రము జనాదరణ పొందెను, కొనసాగింపులును వచ్చెను. నేటికిని ఆ భాషలో గాంగ్‌స్వే యనిన మదించిన మగవాడనియు, ఒంగ్‌న్యో యనిన కామాతుర యగు స్త్రీ యనియు వాడుక.

మూలము పన్సోరి యను గానకథ. ఒక గాయకుడు, ఒక మద్దెలవాడు. కథయంతయు వారిద్దరిపైననే నడచును. షిన్ జేహ్యో (1812–1884) పరిష్కరించిన ఆరు కథలలో ఐదు నేటికిని పాడబడుచున్నవి. ఈ ఆరవదాని పాట ఆ సంప్రదాయమునుండి జారిపోయి, పాఠము మాత్రము మిగిలినది. బూతు హెచ్చుటయే కారణమని పలువురందురు.

బూతున్నమాట నిజమే. కాని కథ ఒక విధవతో మొదలగును. ఒంగ్‌న్యో పదునైదవయేట మొదలుకొని ఇరువదవయేటి వరకు ఏటికొక్క భర్తను పోగొట్టుకొనెను. ఒకడు తొలిరాత్రియే జ్వరముతో పోయెను. ఇద్దరిని చెడురోగములు తినెను. ఒకనిపై పిడుగు పడెను. ఒకడు గజదొంగయై రాజభటులకు చిక్కెను. ఒకడు విషము మ్రింగెను. ఇట్టిదానిని ఉండనిచ్చినచో మగపురుగు మిగులదని ప్యంగాన్, హ్వాంగ్హే ప్రాంతముల జనులేకమై ఆమెను వెడలగొట్టిరి. పిడుగును ఆమె పిలిచెనా? దొంగతనమును ఆమె నేర్పెనా?

దారిలో గాంగ్‌స్వే కలిసెను, పెండ్లియాడిరి. ఆమె కూలినాలి చేసి తెచ్చినదానిని అతడు జూదమునకు, త్రాగుడునకు తగులబెట్టెను. తుదకు చిరిసాన్ కొండలు చేరి, ఆమె కట్టెలు తెమ్మనగా, అతడు ఊరికి కావలిగా నిలిపిన కొయ్యదేవతను పెకలించి తెచ్చెను. ఆమె భయపడి వలదన్నను వినక పొయ్యిలో పెట్టెను. కొయ్యదేవతలెల్ల కూడి సర్వరోగములను అతనిపై పంపిరి. ఆమెను ముట్టు మగవాడు చచ్చునని బెదరించి మరీ ప్రాణము విడిచెను. శవమును ఎత్తవచ్చినవారు వరుసగా కూలిరి.

మమ్మటుడు చెప్పిన మూడును ఇందు కలవు. పడకటింటి మాట సిగ్గు, రోగములును శవమును ఏవగింపు, విధవ అమంగళము. లోకము మొదటిదానికి డబ్బిచ్చి నవ్వును, మూడవదానిని ఊరినుండి తరుమును. మన ఇండ్లలో శుభకార్యమునకు బయలుదేరి, విధవ ఎదురైనచో వెనుకకు వచ్చి కూర్చుండు ఆచారము ఇంకను పూర్తిగా చావలేదు. ఆ వెనుదిరిగిన అడుగునకును ఆ జనుల తీర్పునకును తర్కమొక్కటియే: చావునకు కారణము కన్నులయెదుట నున్నను, నిందను బ్రతికియున్నదానిపై వేయుట.

2014లో కొరియా జాతీయ చంగ్‌గుక్ నాటకసంస్థ, కో సన్‌ఉంగ్ దర్శకత్వమున, గాంగ్‌స్వే పేరు తరువాత చుక్క పెట్టి ఒంగ్‌న్యోనే కథానాయికగా నిలిపినది. ఆ నాటకము 2016లో పారిస్ నగరమునను ఆడినది. సరసమును తీసివేయకయే కథకు న్యాయము చేయవచ్చునని దానివలన తేలినది.

పిల్లల చెవిని పడరాని మాటలేవియని ఇంటిపెద్దలు విచారించునప్పుడు, బూతుమాటలతోపాటు "మగని మ్రింగినది" అను మాటను గూడ అందు చేర్చవలెను. నా లెక్కలో అంతకు మించిన అశ్లీలము లేదు.