లెక్క అడగని మామయ్య

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పదిమంది లెక్కలూ చూస్తున్నవాణ్ణి. చెక్కు మీద సంతకం కాస్త వంకర పోయినా ఇట్టే పట్టేస్తాను. అలాంటి నేను మా ఇంట్లోనే లెక్క తప్పాను.

బావగారు పోయాక, మా అక్క తన కొడుకును చదువు కోసం నెల్లూరు నుంచి చెన్నైలోని మా ఇంటికి పంపింది. తండ్రి లేని బిడ్డ అన్న జాలితో అడిగినప్పుడల్లా డబ్బు ఇచ్చాను. ఎందుకని ఏనాడూ అడగలేదు. "వాడు మనతో కూర్చుని భోంచేసి ఎన్నాళ్ళయిందండీ?" అని మా ఆవిడ అంటే, "వయసు అలాంటిది లే" అని కొట్టిపారేశాను.

ఒకరోజు కాలేజీ పనికోసం వాడి పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించాను. మొదట్లో శనివారాలే డబ్బు తీశాడు. చివరి పేజీకి వచ్చేసరికి రోజూ! స్నేహితుల గదిలో బీరుతో మొదలై, నిత్యం తాగేదాకా వచ్చిందట.

అరిచాను. గదిలో పెట్టి తాళం వేస్తానన్నాను. మా డాక్టరుగారు వారించారు. బాగా అలవాటుపడినవారు హఠాత్తుగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి అన్నారు.

చికిత్సలో వాడితోపాటు మమ్మల్నీ కూర్చోబెట్టారు. అక్కడే వాడు నోరు విప్పాడు. "నాన్న పోయాక అందరూ డబ్బులిచ్చారు మామయ్యా. నాన్న గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు."

తాగుడు వల్ల భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ గారు 1980లో ఈ ఊళ్ళోనే చికిత్సా సంస్థను నెలకొల్పారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె తన దుఃఖాన్ని దాచుకోలేదు. మేము మాత్రం పరువు పోతుందని నెల్లూరు బంధువులకు తెలియకుండా చాలాకాలం దాచాం. ఆ దాపరికంలో పోయిన కాలం వాడిదే.

మీ ఇంట్లో పిల్లవాడు భోజనానికి రాకపోయినా, పాత స్నేహితులను వదిలేసినా, డబ్బు లెక్క చెప్పకపోయినా ఊరుకోకండి. అలాగని అరవకండి. పక్కన కూర్చుని అడగండి. అవసరమైతే 14446 నంబరుకు ఫోన్ చేయండి. మత్తు అలవాట్ల గురించి ఉచితంగా సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్ అది.

వాడు మానేసి రెండేళ్ళయింది. ఉద్యోగం చేస్తున్నాడు. నాకు భయం పూర్తిగా పోలేదు. ప్రతి ఆదివారం తనంతట తానే పాస్‌బుక్కు తెచ్చి, "చూడు మామయ్యా" అంటాడు. "తర్వాత చూద్దాం లేరా, ముందు అన్నానికి రా" అంటాను. భోజనాల దగ్గర బావగారి కబుర్లు చెప్పుకుంటాం.