చీనీతోట చెప్పిన పాఠం

అనంతపురం సీమలో మా నాయనకు నాలుగెకరాల చీనీతోట ఉండేది. ఇతర ప్రాంతాలవారు బత్తాయి అని పిలిచే ఫలాన్నే మేము చీనీ అంటాము. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూత వచ్చినప్పుడు తోటంతా పరిమళభరితమయ్యేది. ఆ సౌరభాన్ని మన ప్రబంధకవులు ఆఘ్రాణించి ఉంటే మరికొన్ని వనవర్ణనలు మనకు దక్కేవి కదా అని నేను అనుకొనేవాణ్ణి.

మా నాయనకు వర్ణనలతో పని లేదు. పిందెలు నిమ్మకాయంత కాగానే ఆయన ప్రతి కొమ్మనూ వంచి, ఒక్కొక్క కాయనూ రెండు వేళ్ళ నడుమ తిప్పి చూసేవాడు. ఎత్తు తక్కువై, వెడల్పు ఎక్కువై అణగినట్లున్న కాయలను తుంచివేసేవాడు, గుండ్రనివాటిని ఉంచేవాడు. “పచ్చని కాయలను నేలపాలు చేయడమెందుకు నాయనా?” అని అడిగితే, “రేపు పగిలేదాన్ని ఇయ్యాళే తీస్తే, దాని సారం పక్క కాయకన్నా దక్కుతుంది రా” అనేవాడు.

అందులోని శాస్త్రం నాకు తరువాత తెలిసింది. నీరు చాలని ఎండాకాలంలో కాయ ఎదుగుదల మందగించి, తోలు బిగుసుకొంటుంది. ఆపైన పెద్దవాన కురిస్తే వేళ్ళు ఒక్కసారిగా నీటిని పీలుస్తాయి. లోపలి తొనలు ఉబ్బుతాయి. తోలు వాటితో సమానంగా సాగలేదు. అప్పుడు కాయ చిట్లుతుంది. తరచుగా అడుగుభాగం నుండే ఆ చీలిక మొదలవుతుంది. అణగిన కాయలకు ఈ ముప్పు అధికమని నారింజజాతి ఫలాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కూడా గుర్తించారు. అక్షరం ముక్క రాని మా నాయన ఆ సత్యాన్ని తన వేళ్ళతో తెలుసుకొన్నాడు.

1992 వేసవిలో ఆయన మంచాన పడ్డాడు. ఎం.ఏ. పరీక్షలు ముగించి ఇంటికి వచ్చిన నాపై తోటభారం పడింది. కాయలు తుంచడానికి నాకు మనసు రాలేదు. అర్ధరాత్రి వచ్చే కరెంటుకు లేచి మోటారు వేయవలసి ఉండగా, కావ్యపఠనంలో పొద్దుపోయి నిద్రపోయిన రాత్రులెన్నో. పాదులు ఎండిపోయాయి. ఆగస్టులో రెండు రోజులు ఎడతెగని వాన కురిసింది. వారం తిరగకముందే చెట్లకింద పగిలిన కాయలు, వాటిపై చీమలబారులు!

నాయన చేతికర్ర ఊతంతో తోటకు వచ్చాడు. “అణగిన కాయలను తుంచకపోవడం నా తప్పే” అన్నాను. ఆయన పగిలిన గుండ్రని కాయనొకదాన్ని నా చేతిలో పెట్టి, “మరి ఇదెందుకు పగిలింది? కాయ తప్పేముంది రా! నీళ్ళు తప్పినాయి” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ యేడు పంటసొమ్ముతో కళాశాలలో చేరవలసిన మా చెల్లెలు ఏడాదిపాటు ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె కూడా నన్ను ఏమీ అనలేదు. ఆ మౌనమే నాకు పెద్ద శిక్ష.

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తరువాత ఆ మాట నాకు అనేక పర్యాయాలు గుర్తుకు వచ్చింది. చెట్టులోని సారం పరిమితం. అందుకే తోటలో కొన్ని కాయలను తుంచక తప్పదు. తరగతిగదిలో ఆ న్యాయం చెల్లదు. ఒకరికి పంచినంతమాత్రాన మరొకరికి తరిగేది కాదు విద్య. అయితే నెలల తరబడి ఎండగట్టి, పరీక్షల ముందు వరదలా కుమ్మరిస్తే ఎంతటి చురుకైన బుద్ధి అయినా తట్టుకోలేదు. అందుకే ఏ విద్యార్థి అయినా తడబడినప్పుడు అతని లోపాన్ని వెదకడానికి ముందు, నేను ఏ రాత్రి నీరు పెట్టడం మరిచానా అని నన్ను నేను ప్రశ్నించుకొంటాను.