సగం ముద్ర

మా ఊరు పర్చూరు దగ్గర. 1970 ఫిబ్రవరిలో కొత్తగా ఒంగోలు జిల్లా పుట్టి, మమ్మల్ని గుంటూరు నుంచి విడదీసింది. దానికి ప్రకాశం గారి పేరు పెట్టింది 1972లో. మా చిన మామయ్య మాత్రం కవరు మీద ‘గుంటూరు జిల్లా’ అనే రాసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

మామయ్య విక్రాంత్ మీద పనిచేసేవాడు. విమానాలు ఎగిరే ఓడ అంటే ఊళ్ళో సగం మంది నమ్మలేదు. మాకు మాత్రం అది ఓడ కంటే ముందు ఒక చిరునామా: ఐ.ఎన్.ఎస్. విక్రాంత్, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి. ఓడ ఎక్కడ తిరుగుతున్నా ఉత్తరం వెళ్ళేది అక్కడికే.

మా బడిపంతులే పోస్టు మాస్టారు. వసారాలో ఒక బల్ల, లక్క, నల్లసిరా మెత్త, గుండ్రటి ముద్ర. పొద్దున్నే ముద్రలో తేదీ అచ్చులు మార్చి, ముందు చిత్తుకాగితం మీద కొట్టి చూసేవారు. ఆ చిత్తుకాగితాలు నాకిచ్చేవారు. అలా పట్టుకుంది నాకీ ముద్రల పిచ్చి. గుంటూరు కమిషన్ కొట్టు నుంచి నాన్నకి వచ్చే కవర్లు కూడా వదిలేవాణ్ణి కాదు. మిరపకాయలు ముట్టిన చేతులతో నాన్న విప్పిన కవరు వాసన చూస్తే తుమ్ములే తుమ్ములు. 1971 నవంబరు నుంచి వాటి మీద అయిదు పైసల తపాలా బిళ్ళ అదనంగా కనిపించింది. తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసమని పంతులుగారు చెప్పారు.

ఆ రోజుల్లోనే మామయ్య ఉత్తరాలు ఆగిపోయాయి. పత్తి తీతలు ముమ్మరంగా ఉన్నాయి. చేలోంచి వస్తూనే అమ్మమ్మ వసారా తీగకు గుచ్చిన ఉత్తరాల వంక చూసేది.

పాకిస్తాన్‌తో యుద్ధం వేళ జరిగిన అసలు కథ పెద్దయ్యాక చదివాను. విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరును విశాఖకి నూట అరవై మైళ్ళ దూరం పంపి, అదే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారట. విశాఖ బజారులో పెద్ద ఓడకి సరిపడా సరుకులు పురమాయించారట. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఎత్తు అది. అన్నిటికంటే గడుసైంది ఇంకోటి: విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడ్డ తల్లి క్షేమం అడుగుతున్నట్టు, శత్రువు వినేలా ఒక సందేశం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే కాపు కాసి, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అక్కడే మునిగింది. 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడిచేశాయి.

ఇది చదివి వినిపిస్తే అమ్మ మొహం చిట్లించింది. “ఎవరి తల్లికిరా జబ్బు? ఉత్తుత్తికైనా అలాంటి మాట అంటారా!”

యుద్ధమయ్యాక ఒకేసారి మూడు కవర్లొచ్చాయి. లోపలి ఉత్తరాలు అమ్మమ్మకి, కవర్లు నాకు. నేనేం చేశానంటే, తోటి పిల్లల్ని చూసి, బిళ్ళలున్న మూల కత్తిరించి నీళ్ళ గిన్నెలో నానబెట్టాను. బిళ్ళలు ఊడొచ్చాయి. మిగతా కాగితం పొయ్యిలోకి పోయింది. ముద్రలో సగం దానిమీదే ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆ బిళ్ళల్లో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. నల్లటి అర్ధచంద్రం, అందులో ‘బొం’కి సరిపడా ఇంగ్లీషు అక్షరాలు, డిసెంబరు. తేదీ లేదు.