వైస్ విప్పాక

ల్యాప్‌టాప్ పక్కన, నా టీ కప్పు కింద, ఒక అల్యూమినియం పలక ఉంటుంది. 200 మిల్లీమీటర్ల పొడవు, 120 వెడల్పు. ఒక వైపు నున్నగా, రెండో వైపు గుంతలా తొలిచి ఉంటుంది. గుంత అడుగు మందం 3 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చిన వాళ్ళు చేతిలోకి తీసుకుని “భలే ఉందే” అంటారు. ఒక మూల వేలితో నొక్కితే మాత్రం టక్‌మని అవతలి మూల లేస్తుంది.

2010. నేను మెకానికల్ ఫైనలియర్. నాన్నకి బాలానగర్‌లో రెండు మిల్లింగ్ మెషీన్ల షెడ్డు ఉండేది. ఒక పరికరం మీద బిగించే మూతలు, నలభై, ఆర్డరొచ్చింది. చదును 50 మైక్రాన్ల లోపు ఉండాలి. అంటే పలక అంతటా ఎత్తుపల్లాల తేడా మన తలవెంట్రుక మందం కూడా దాటకూడదన్నమాట. డ్రాయింగ్‌లో మెటీరియల్ గడిలో ‘అల్యూమినియం అల్లాయ్’ అని మాత్రమే రాసుంది.

నాన్న హెచ్ఈ30 అన్నాడు. బాలానగర్‌లో 6082ని ఇప్పటికీ ఆ పాత పేరుతోనే పిలుస్తారు. నేను పుస్తకం తెరిచి 7075 అన్నాను. విమానాల రెక్కల్లో వాడేది, బలం దాదాపు రెట్టింపు. నాన్న ఒక్క నిమిషం ఆగి, “నువ్వు సదువుకున్నోడివి, నీకే ఎర్క” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే నమ్మి అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది.

ఎందుకంటే నేను చదివింది సగమే. లోహం ఏ బరువు దగ్గర శాశ్వతంగా వంగిపోతుందన్నది బలం. అదే బరువుకి ఎంత సాగుతుంది, ఎంత ఊగుతుందన్నది బిగువు. బిగువు విషయంలో అల్యూమినియం మిశ్రమాలన్నీ ఇంచుమించు ఒకటే, 70 గిగాపాస్కల్స్ దగ్గర. ఆ మూత మీద ఎవరూ నిలబడరు. దానికి కావలసింది చదును. ఎక్కువ డబ్బు పోసి, అక్కర్లేని గుణాన్ని కొన్నానన్నమాట.

రాణిగంజ్‌లో షాపాయన అడిగాడు, “టీ6 కావాలా, టీ651 కావాలా?” టీ6 చవక. చివరి 51ని నేను కేటలాగు నంబరనుకున్నాను. (సాఫ్ట్‌వేర్‌కి వచ్చాక కూడా వెర్షన్ నంబర్లో చివరి అంకెని పట్టించుకోకుండా ఒకట్రెండు రాత్రులు ఆఫీసులోనే గడిపాను. అలవాటు పోలేదు.) 51కి ఉన్న అర్థం ఇది. ఈ పలకని 470 డిగ్రీలు దాటేలా వేడి చేసి నీళ్ళలో ముంచుతారు. పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపలిది తర్వాత ముడుచుకుంటూ దాన్ని లాగుతుంది. చివరికి పైపొర నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో ఉండిపోతాయి. రెండూ సమానంగా ఉన్నంతకాలం పలక తిన్నగానే కనిపిస్తుంది. 51 అంటే ఆ తర్వాత పలకని రెండు కొసలా పట్టుకుని రెండు శాతం అటూ ఇటూ సాగదీశారని. దాంతో ఆ పెనుగులాట చాలావరకు పోతుంది. నేను కొన్నవాటిని ఎవరూ సాగదీయలేదు.

ఆ వారం నాన్న ఊళ్ళో ఒక కర్మకి వెళ్ళి మూడు రోజులు ఉండిపోయాడు. షెడ్డులో నేనూ, మా మెషీనిస్టు అన్నా. 7075 కోతకి ఎంత బాగుంటుందో చెప్పాలి. హెచ్ఈ30 జిగటగా టూల్ అంచుకి అంటుకుంటుంది, కిరసనాయిలు పోస్తూ ఉండాలి. ఇదేమో చిన్న చిన్న చిప్స్‌గా తెగి పడుతుంది, వెనక అద్దంలాంటి మెరుపు. ఆ మెరుపు చూసి నా ఎంపికే కరెక్టని మురిసిపోయాను. 16 మిల్లీమీటర్ల పలక. ఒక వైపు పైపైన గీకి, తిప్పి, గుంతంతా ఒకే పట్టులో తోడేశాం. వైస్‌లో ఉండగానే డయల్ పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు.

నాలుగో ముక్క దగ్గర అన్న అన్నాడు, “తమ్మీ, ఇప్పినంక జర లేస్తున్నట్టుంది.” డయల్ సున్నా చూపిస్తోంది కదా అన్నాను. పన్నెండు చేశాం.

నాన్న వచ్చాడు. ఒకదాన్ని సర్ఫేస్ ప్లేట్ మీద పెట్టి, మూల మీద వేలు వేశాడు. టక్. రెండోది. టక్. పన్నెండూ చూశాడు. “వైస్‌ల చూస్తే ఏం తెల్వదు బిడ్డా, ఇప్పి చూడాలె” అన్నాడంతే. తిట్టలేదు. మర్నాడు మళ్ళీ రాణిగంజ్ వెళ్ళి, సొంత డబ్బుతో పన్నెండు పలకలు తెచ్చాడు. టీ651. ఆ ఆర్డర్లో మిగలాల్సింది అక్కడే అయిపోయింది. ఆ నెల నా ఫీజు ఎలా కట్టాడో నేను అడగలేదు.

మిగిలిన ఇరవై ఎనిమిది టీ6 పలకల్ని ఆయన పారేయలేదు. ఇటు కొంచెం, అటు కొంచెం తీసి, చుట్టూ అర మిల్లీమీటరు ఉంచి, వైస్ విప్పేశాడు. ముక్కలు వంగినంత వంగాయి. రాత్రంతా బల్ల మీద వదిలేశాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, అవి ఎలా వంగాయో అలాగే ఆనించి, సందుల్లో కాగితాలు పెట్టి, మెల్లగా బిగించి ఫినిషింగ్ చేశాడు. కొలత కూడా పొద్దునే. మధ్యాహ్నం షెడ్డులో 40 డిగ్రీలుంటుంది, డ్రాయింగులో కొలతలేమో 20 డిగ్రీల లెక్కన. 200 మిల్లీమీటర్ల అల్యూమినియం ఆ తేడాకి 90 మైక్రాన్లకు పైగా పెరుగుతుంది. చేతిలోని స్టీల్ మైక్రోమీటరూ పెరుగుతుంది, కానీ అందులో సగమే. ఆయనకి ఈ అంకెలు తెలీవు. “ఎండపూట కొలిస్తే అబద్ధం చెప్తది” అనేవాడు.

నేను చదివిన తెలుగు కథల్లో ఫ్యాక్టరీ అంటే ఎక్కువగా పొగ, సైరన్, తెగిన వేలు. అవన్నీ నిజమే. కానీ ఒక ముక్కని రాత్రంతా వదిలేసి, పొద్దున అదెలా మారిందో వంగి చూసే మనిషి నాకు పెద్దగా కనబడలేదు. అలాంటి మనిషి ఒకడు నాకు లోహశాస్త్ర చరిత్రలో దొరికాడు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్, రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి, నీళ్ళలో ముంచి, పరీక్ష మధ్యలో వదిలేసి సెలవు మీద వెళ్ళాడని చెబుతారు. తిరిగొచ్చేసరికి ఎవరూ ముట్టుకోని ముక్క గట్టిపడి ఉంది. డ్యురాల్యుమిన్ అలా పుట్టింది. ఎందుకు గట్టిపడిందో ఎక్స్‌రేలతో చూసి గినియే, ప్రెస్టన్ విడివిడిగా చెప్పేసరికి 1938 వచ్చింది.

షెడ్డు ఇప్పుడు లేదు. మొన్న సంక్రాంతి తర్వాత నాన్న మా ఫ్లాట్‌కి వచ్చి నాలుగు రోజులున్నాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ, నా కప్పు పక్కకి జరిపి, పలక మూల మీద వేలు పెట్టి నొక్కాడు. టక్.

“ఇంకా దాసిపెట్టినవా,” అన్నాడు. తర్వాత పలకని వెనక్కి తిప్పి, బొటనవేలితో అంచు తడిమి, “ఫినిషింగ్ మాత్రం మంచిగొచ్చింది” అన్నాడు.